వంద మందికి చాక్లెట్ కేక్ ఇంట్లోనే ఎలా చెయ్యాలి, మన ఎండకి పైపూత జారిపోకుండా

మా అమ్మమ్మ 80వ పుట్టినరోజుకి నేను చేసిన కేక్ తిన్న దగ్గర్నుంచి చుట్టాల్లో ఎవరింట్లో ఫంక్షన్ ఉన్నా ఫోన్ నాకే వస్తుంది. షష్టిపూర్తి అనీ, ఓణీల ఫంక్షన్ అనీ, క్రిస్మస్‌కి చర్చిలో పంచడానికనీ చేస్తారు, అడిగేది మాత్రం అందరూ ఒకటే. "వంద మందికి ఇంట్లో అవుద్దా, పైన క్రీమ్ కారిపోకుండా ఎలాగ?" ఒక్కొక్కరికీ ఫోన్లో గంట చెప్పే బదులు మొత్తం ఒకచోట రాసేస్తున్నా, పక్కన పెట్టుకుని చేసేసుకోండి.

ముందే ఒక మాట చెప్పేస్తాను. వంద మందికి కేక్ కాల్చడం కష్టం కాదండి, మామూలు ఓటీజీ, అదే చిన్న కరెంటు ఓవెన్, ఒకటి ఉంటే చాలు. మన గోదారి జిల్లాల్లో అసలు కష్టం కేక్ కాలాక మొదలవుద్ది. వెన్న 32, 35 డిగ్రీల మధ్యే కరిగిపోద్ది, మే నెలలో మన వంటిల్లు అంతకన్నా వేడిగానే ఉంటది, దానికి తోడు గాలిలో తడి. నేను మొదటిసారి చేసింది బటర్‌క్రీమ్‌తోనే, మా చెల్లి ఓణీలకి. రాత్రంతా కూర్చుని గులాబీ పువ్వులు కూడా వేశాను. పొద్దున పదింటికి సఖినేటిపల్లి రేవులో పంటు కోసం, అంటే బళ్ళని గోదారి దాటించే పడవ కోసం నిలబడ్డాం, ఫంక్షన్ అవతల నర్సాపురంలో. పంటు అవతలి ఒడ్డున ఉంది, అది వచ్చి బళ్ళన్నీ దిగి మేం ఎక్కేసరికి నలభై నిమిషాలు ఎండలోనే. మధ్యలో మూత తీసి చూస్తే పై పొర రెండంగుళాలు పక్కకి జరిగిపోయి ఉంది, పువ్వులన్నీ కరిగి అట్ట మీద గులాబీ రంగు మడుగు కట్టాయి. ఆ రోజు కేక్ కొయ్యనే లేదు, గిన్నెల్లో స్పూన్లతో వేసి పంచాం. చెల్లి ఏమీ అనలేదు గానీ నాకు ఆ పూట అన్నం సయించలేదు. అప్పట్నుంచి బటర్‌క్రీమ్ మానేసి గనాష్, అంటే తరిగిన చాక్లెట్ మీద వేడి క్రీమ్ పోసి చేసే పూత, పట్టుకున్నాను. కింద చెప్పేదంతా ఆ తర్వాత చేసి చేసి కుదురుకున్న పద్ధతి.

లెక్క ఎలాగంటే, ఒకటే పెద్ద కేక్ కాల్చం. పదంగుళాల చదరపు స్లాబులు నాలుగు కాలుస్తాం. రెండేసి కలిపి పొరలుగా పేరిస్తే రెండు కేకులవుతాయి, ఆ రెంటినీ ఫంక్షన్ దగ్గర పక్కపక్కన ఆనించి పెడితే పది బై ఇరవై అంగుళాల ఒకే కేక్. రెండంగుళాల పొడవు, ఒక అంగుళం వెడల్పు ముక్కలు కోస్తే సరిగ్గా వంద. ముక్క చిన్నగా అనిపిస్తుంది గానీ రెండు పొరల ఎత్తు ఉంటది కాబట్టి భోజనం మీద అది చాలు. యాభై మందే అయితే సగం చేసుకోండి. రెండు వందలైతే మాత్రం ఇంకో నలుగురి సాయం, ఇంకో ఫ్రిజ్ లేకుండా దిగకండి.

కావలసినవి, ఒక్క స్లాబ్‌కి

- మైదా 225 గ్రాములు
- కోకో పౌడర్ 50 గ్రాములు, పంచదార కలవనిది
- పంచదార 300 గ్రాములు
- వంట సోడా 1 టీస్పూన్, బేకింగ్ పౌడర్ 1 టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్
- గుడ్లు 2
- చిక్కటి మజ్జిగ 200 మి.లీ.
- నూనె 120 మి.లీ., సన్‌ఫ్లవరో రైస్ బ్రానో. వేరుశనగ నూనె వద్దు, వాసన తేలిపోద్ది
- వేడి కాఫీ 200 మి.లీ., పాలు పంచదార లేకుండా
- వెనిలా ఎసెన్స్ 1 టీస్పూన్

వీటన్నిటికీ నాలుగింతలు తెచ్చుకోండి. అంటే మైదా 900 గ్రాములు, కోకో 200 గ్రాములు, పంచదార కిలో రెండొందలు, గుడ్లు ఎనిమిది, నూనె అర లీటరు, అలా. పైన ఒక స్లాబ్‌కి సరిపడా అదనంగా ఉంచుకోవడం మంచిది, ఎందుకో తర్వాత చెప్తా.

గనాష్‌కి, మొత్తం కేక్‌కి

- డార్క్ కాంపౌండ్ చాక్లెట్ 1200 గ్రాములు
- ఫ్రెష్ క్రీమ్ 600 మి.లీ., అమూల్‌లాంటి 25 శాతం కొవ్వు ఉన్న ప్యాకెట్ క్రీమ్

సామాను

పదంగుళాల అల్యూమినియం చదరపు టిన్ను, రెండుంటే పని తొందరగా తెములుద్ది. బటర్ పేపర్, క్లింగ్ ఫిల్మ్, చిన్న డిజిటల్ కాటా, రబ్బరు గరిటె, పొడుగు చాకు. టిన్ను కొనే ముందు ఓవెన్ లోపల టేపుతో కొలవండి, టిన్ను చుట్టూ కనీసం అంగుళం ఖాళీ ఉండాలి, లేదంటే వేడి తిరగదు. పదంగుళాలది పట్టకపోతే ఎనిమిదంగుళాలవి ఆరు కాల్చండి. అప్పుడు ఒక్కోదానికి పై కొలతల్లో మూడింట రెండొంతులు చాలు, ఎనిమిదంగుళాల కేకులు మూడవుతాయి, ముక్కలు తొంభై ఆరు.

కోకో గురించి ఒక్క నిమిషం. చాలామంది ఇక్కడే దెబ్బ తింటున్నారు. పాలల్లో కలుపుకునే చాక్లెట్ పొడి తెచ్చి వేస్తున్నారు, అందులో సగం పైన పంచదారే ఉంటది, కేక్ గోధుమ రంగులో చప్పగా వస్తుంది. ప్యాకెట్ వెనక పదార్థాల్లో కోకో ఒక్కటే రాసి ఉండాలి. మన కొబ్బరి తోటల్లో అంతర పంటగా వేసే కోకో ఇదేనండి, దేశంలో కోకో ఎక్కువ పండేది మన ఆంధ్రాలోనే, అయినా మన వంటింట్లోకి మంచి కోకో డబ్బా రావడం మాత్రం తక్కువ. నాకు ఆ బాధ ఉంది.

ఎప్పుడు ఏం చెయ్యాలి

ఫంక్షన్‌కి వారం ముందు ఒక్క స్లాబ్ కాల్చి చూడండి. ఆ అదనపు సరుకు ఇందుకే. మీ ఓవెన్ ఎంత వేడిస్తుందో, ఎన్ని నిమిషాలు పడుతుందో అప్పుడు తెలుస్తుంది. రెండు రోజుల ముందు నాలుగు స్లాబులూ కాల్చి ఫ్రిజ్‌లో పెట్టండి, ముందు రోజు గనాష్ పుయ్యండి, ఆ రోజు తీసుకెళ్ళి కలపడం, కొయ్యడం మాత్రమే. అన్నీ ఒకే రోజు పెట్టుకుంటే చివరికి వేడి కేక్ మీద గనాష్ పోసే పరిస్థితి వస్తుంది, అది చెడిపోయినట్టే.

1. సోడా, బేకింగ్ పౌడర్ పని చేస్తున్నాయో లేదో చూడండి. చిటికెడు సోడా మీద నిమ్మరసం పిండితే బుసబుసా పొంగాలి. బేకింగ్ పౌడర్‌ని వేడి నీళ్ళలో వేస్తే నురగ రావాలి. మన తడి గాలికి మూత సరిగ్గా పెట్టని డబ్బా తొందరగా చచ్చిపోద్ది. అనుమానం ఉంటే కొత్తది కొనండి, ఇంత సరుకు పోసి అక్కడ చూసుకోవద్దు.

2. పొడి సామాను నాలుగు కవర్లలో విడివిడిగా కట్టుకోండి. మైదా, కోకో, సోడా, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించి ఒక్కో స్లాబ్‌కి ఒక్కో కవర్. కోకోలో ఉండలుంటాయి, జల్లించకపోతే కేక్‌లో నల్ల చుక్కల్లా చేదుగా తగులుతాయి. నాలుగింటికీ పిండి ఒకేసారి కలిపేద్దాం అనుకోకండి. సోడాకి మజ్జిగ తగిలిన క్షణం నుంచే పొంగు మొదలవుద్ది, మొదటి స్లాబ్ కాలేలోపు మిగతా పిండి బల్ల మీద పొంగి పడిపోద్ది, నాలుగోది ఇటుకలా వస్తుంది. ఒక స్లాబ్ ఓవెన్‌లోంచి దిగే పది నిమిషాల ముందు తర్వాతది కలపండి.

3. టిన్ను తయారు చేసుకుని ఓవెన్ వేడి పెట్టండి. అడుగున బటర్ పేపర్, అంచులకి నూనె రాసి కాస్త మైదా చల్లి దులపండి. న్యూస్ పేపర్ మాత్రం వెయ్యద్దండి, ఆ సిరా తిండికి తగలకూడదు. ఓవెన్ 170 డిగ్రీలు, పైనా కిందా రెండు రాడ్లూ ఆన్, కనీసం పదిహేను నిమిషాలు.

4. తడి సామాను కలపండి. గుడ్లు, పంచదార, నూనె, వెనిలా కలిపి విస్కర్‌తో రెండు నిమిషాలు గిలకొట్టండి. పంచదార పలుకు మరీ లావుగా ఉంటే ముందు మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి. మజ్జిగ పోసి కలపండి. గుడ్లూ మజ్జిగా ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట పెట్టినవై ఉండాలి.

గుడ్డు వద్దనుకునేవాళ్ళు, కార్తీక మాసమనో శనివారమనో, రెండు గుడ్ల బదులు 100 గ్రాముల చిక్కటి పెరుగు, ఒక పెద్ద స్పూన్ నిమ్మరసం వెయ్యండి. కేక్ మెత్తగానే వస్తుంది గానీ తొందరగా విరుగుద్ది, చల్లారాక ఫ్రిజ్‌లో గట్టిపడ్డాకే చెయ్యి వెయ్యండి. వంద మందిలో ఎంతమంది తినరో ముందే కనుక్కోండి. సగం అలా, సగం ఇలా చేసే బదులు మొత్తం గుడ్డు లేకుండా చేసేస్తే వడ్డించేటప్పుడు ఏ కేక్ ఏదో అనే తికమక ఉండదు.

5. పొడి కవర్ వేసి కలపండి, ఆఖర్న వేడి కాఫీ పొయ్యండి. పొడి వేశాక తెల్ల పిండి కనబడకుండా పోగానే ఆపెయ్యాలి. ఎక్కువ కలిపితే సాగుద్ది, కేక్ రబ్బరులా వస్తుంది, మన చేతులు బజ్జీల పిండి కలిపినట్టు కలిపేస్తాయి, అదే తప్పు. తర్వాత పొగలు వచ్చే కాఫీ కొంచెం కొంచెం పోస్తూ కలపండి. పిండి బాగా పలచగా అవుద్ది, దోసెల పిండి కన్నా జారుడుగా. కంగారు పడి మైదా కలపొద్దు, అలాగే ఉండాలి. వేడికి కోకో వాసన విచ్చుకుంటుంది, అందుకే కాఫీ. కాఫీ రుచి తెలీదు. పిల్లలకి వద్దనుకుంటే మరిగిన నీళ్ళు పొయ్యండి.

6. కాల్చండి. మధ్య అరలో 32 నుంచి 40 నిమిషాలు. మొదటి పాతిక నిమిషాలు తలుపు తియ్యద్దు.

అయ్యిందో లేదో మూడు రకాలుగా చూడండి. మధ్యలో సన్న పుల్ల గుచ్చితే పచ్చి పిండి అంటకూడదు, ఒకటి రెండు తడి రవ్వలు అంటితే పర్లేదు, పూర్తిగా పొడిగా వచ్చేదాకా ఉంచితే కేక్ ఎండిపోద్ది. వేలితో మధ్యలో మెల్లగా నొక్కితే గుంట పడకుండా తిరిగి లేవాలి. అంచులు టిన్నుని కొద్దిగా వదలాలి. మూడూ సరిపోతేనే దించండి. పుల్ల ఒక్కదాన్నే నమ్ముకుని నేను రెండు సార్లు మధ్యలో పచ్చిగా దించాను.

కరెంటు పోతే తలుపు తియ్యకండి, ఓవెన్‌లో వేడి కాసేపు ఆగుద్ది. పది నిమిషాల్లో వచ్చేస్తే అంతసేపు ఇంకా ఉంచితే సరిపోద్ది. మొదటి ఇరవై నిమిషాల్లో పోయి అరగంట రాకపోతే ఆ స్లాబ్ మధ్యలో కుంగిపోద్ది, దాన్ని పక్కన పెట్టి ఇంకోటి చెయ్యండి. ఓటీజీని ఇంటి ఇన్వర్టర్ మీద నడపాలని చూడొద్దు, అంత లోడు లాగదు.

ఓవెనే లేకపోతే? మా పెద్దమ్మ ఇప్పటికీ ఇసుక పోసిన గుండిగలోనే కాలుస్తుంది. కడిగి ఎండబెట్టిన ఇసుక రెండంగుళాలు పోసి, మీద స్టాండు, మూత పెట్టి మీడియం మంట మీద పావుగంట వేడెక్కనిచ్చి, టిన్ను పెట్టి సిమ్‌లో యాభై నిమిషాల నుంచి గంట. పైన రంగు తక్కువ వస్తుంది, గనాష్ కింద కనబడదు కాబట్టి ఇబ్బంది లేదు. ఇంకో దారి, మీ ఊళ్ళో తెలిసిన బేకరీ ఉంటే రొట్టెలు దించాక టిన్నులు పెట్టనిస్తారేమో అడగండి, వాళ్ళ పొయ్యి వేడి ఎక్కువ ఉంటది కాబట్టి ఇరవై అయిదో నిమిషం నుంచే చూస్తూ ఉండాలి.

7. చల్లార్చి చుట్టండి. టిన్నులోనే పావుగంట, తర్వాత జాలీ మీదకి బోర్లించి పేపర్ తీసెయ్యండి. జాలీ లేకపోతే బోర్లించిన జల్లెడ కూడా చాలు. పూర్తిగా చల్లారాక, అడుగున అరచెయ్యి పెట్టి చూస్తే వెచ్చదనం తగలకూడదు, అప్పుడు క్లింగ్ ఫిల్మ్ రెండు చుట్లు చుట్టి ఫ్రిజ్‌లో. వెచ్చగా చుడితే లోపల నీరు పట్టి పై పొర జిగటవుద్ది. చల్లారేంతసేపూ చీమలు! బల్ల నాలుగు కాళ్ళ కింద నీళ్ళు పోసిన గిన్నెలు పెట్టండి. మన ఊళ్ళల్లో ఇది మర్చిపోతే పొద్దున్నకి కేక్ చీమలదే. ఇంకోటి, ఫ్రిజ్‌లోంచి చేపల పులుసు, వెల్లుల్లి పచ్చళ్ళు ఆ రెండు రోజులకి వేరే ఇంటికి పంపించెయ్యండి. కేక్ వాసన పీల్చేసుకుంటుంది.

8. గనాష్ కాయండి. ఇక్కడ తొందరపడకండి. చాక్లెట్‌ని పప్పు బద్దలంత సన్నగా తరగండి, పెద్ద ముక్కలుంటే కరగకుండా పలుకులు మిగులుతాయి. తరిగే బల్ల, చాకు, గిన్నె అన్నీ పొడిగా ఉండాలి. కరిగే చాక్లెట్‌లో ఒక్క నీటి చుక్క పడినా ముద్ద కట్టి ఇసుకలా అయిపోద్ది. క్రీమ్‌ని మందపాటి గిన్నెలో సన్న మంట మీద పెట్టి అంచుల్లో చిన్న బుడగలు రాగానే దించెయ్యండి, ఈ ప్యాకెట్ క్రీమ్ కళపెళా మరిగితే విరుగుద్ది. చాక్లెట్ మీద పోసి కదపకుండా మూడు నిమిషాలు వదిలేసి, మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి మెల్లగా తిప్పండి. మొదట్లో గట్లు గట్లుగా, నూనె తేలినట్టు కనిపిస్తుంది, తిప్పుతుంటే ఒక్కసారిగా అద్దంలా మెరిసిపోద్ది. ఆ నిమిషం చూడ్డం నాకు ఇప్పటికీ ఇష్టం.

ఇంకా కరగని పలుకులుంటే వేడి నీళ్ళ గిన్నె మీద పెట్టి తిప్పండి, పొయ్యి ఆపేసి, ఆవిరి లోపలికి రాకుండా. కాంపౌండ్ చాక్లెటే ఎందుకంటే అందులో కోకో వెన్న బదులు వేరే వనస్పతి కొవ్వు ఉంటది, మన వేడికి కాస్త ఎక్కువ తట్టుకుంటుంది. రుచిలో అసలు చాక్లెట్‌తో సమానం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. డిసెంబరు, జనవరిలో ఫంక్షన్ అయితే సగం అసలు డార్క్ చాక్లెట్ కలపండి, క్రీమ్ కూడా 700 మి.లీ.కి పెంచుకోవచ్చు, నోట్లో ఇంకా మెత్తగా ఉంటది. ఎండాకాలం రెండుకి ఒకటి లెక్క దాటొద్దు.

బేకరీల్లో కొట్టే తెల్ల విప్పింగ్ క్రీమ్ వాడొచ్చా అని అడుగుతారు. ఏసీ హాల్ అయ్యుండి, ఫ్రిజ్‌లోంచి తిన్నగా బల్ల మీదకి వెళ్తుందంటే వాడండి. షామియానా కింద అయితే వద్దు.

9. గనాష్ పూతకి వచ్చిందో లేదో చూడండి. వేడిగా ఉన్నప్పుడు పోస్తే కారిపోద్ది. చలికాలం గంటన్నర, రెండు గంటలు బయటే పెడితే గట్టిపడుతుంది. ఎండాకాలం బయట ఎంతసేపున్నా పలచగానే ఉంటది, కాబట్టి ఫ్రిజ్‌లో పది నిమిషాలు, తీసి కలపడం, మళ్ళీ పది నిమిషాలు, ఇలా. కలపకుండా వదిలేస్తే అంచులు రాయి, మధ్యలో నీళ్ళు. గరిటెతో తీసి పడేస్తే వెన్న ముద్దలా ఆగి, మెల్లగా చదునవ్వాలి. పూర్ణం ఉండలా ఆగితే గట్టిపడినట్టు, వేడి నీళ్ళ గిన్నె మీద నిమిషం పెట్టి కలపండి.

విరిగి నూనె విడిపోతే పారెయ్యకండి. గోరువెచ్చని పాలు ఒక్కో స్పూన్ పోస్తూ విస్కర్‌తో తిప్పండి, మూడు నాలుగు స్పూన్లకి దగ్గరకొస్తుంది. చల్లటి పాలు పోస్తే ఇంకా పాడవుద్ది.

10. పొరలు పేర్చి పుయ్యండి. పెద్ద అట్టపెట్టె నుంచి సరిగ్గా పదంగుళాల చదరాలు రెండేసి అతికించి ఫాయిల్ చుట్టి రెండు పీటలు చేసుకోండి. కేక్ కన్నా అట్ట పెద్దగా ఉంటే తర్వాత రెండూ ఆనవు, అందుకని కొలత కచ్చితం. ఫ్రిజ్‌లోంచి తీసిన స్లాబ్ పైన గుబ్బ ఉంటే పొడుగు చాకుతో చదును చెయ్యండి, ఆ తరుగు దాచండి. అట్ట మీద ఒక స్పూన్ గనాష్ రాసి మొదటి స్లాబ్ అతికించండి. కావాలంటే పంచదార వేసిన కాఫీ నీళ్ళు బ్రష్‌తో అద్దండి, ఒక్కో స్లాబ్‌కి ఆరు స్పూన్లు మించొద్దు, ఎక్కువైతే పై బరువుకి కింద పొర కుంగుద్ది. పావు కిలో గనాష్ పరిచి రెండో స్లాబ్‌ని బోర్లించి పెట్టండి, అడుగు భాగం పైకొస్తే పైన చదునుగా ఉంటది.

తర్వాత చుట్టూ సన్నగా ఒక పూత. కేక్ పొడి అంతా ఇందులో పట్టుకుంటుంది, అందంగా రానక్కర్లేదు. ఫ్రిజ్‌లో ఇరవై నిమిషాలు. తర్వాత అసలు పూత మందంగా. ఒక వైపు, అంటే రెండో కేక్‌కి ఆనే వైపు, రెండో పూత వెయ్యకండి. నున్నగా రాకపోతే చాకుని వేడి నీళ్ళలో ముంచి తుడిచి ఒక్క లాగు లాగండి. తుడవడం మర్చిపోతే నీటి చారలు పడతాయి. ఒక గిన్నెడు గనాష్ రేపటి అతుకు కోసం మిగల్చండి.

11. తీసుకెళ్ళడం. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్న కేక్‌ని మన దగ్గర అదృష్టం కొద్దీ రొయ్యల వ్యాపారం వల్ల దొరికే థర్మోకోల్ పెట్టెల్లో పెట్టండి. కొత్తవే కొనండి, వాడినవి ఎంత కడిగినా వాసన పోదు. పెట్టె లోపల కేక్ పట్టుద్దో లేదో కూడా ముందే కొలుచుకోండి. అడుగున గడ్డకట్టించిన నీళ్ళ సీసాలు పడుకోబెట్టి, మీద చెక్క, దాని మీద కేక్. విడి ఐస్ వెయ్యద్దు, కరిగి అట్ట నానిపోద్ది. కార్లో సీటు మీద పెట్టకండి, సీటు వాలుగా ఉంటది, కింద కాళ్ళ దగ్గర పెట్టండి. పంటు ఎక్కేవాళ్ళు పెట్టెని నీడ వైపు పెట్టి మీద తడి గోనె కప్పండి, మధ్యలో మూత తీసి చూడొద్దు.

అక్కడికి చేరాక మూత వెంటనే తీస్తే మన తడి గాలికి కేక్ మీద నీటి బిందువులు పడతాయి. అమ్మమ్మ పుట్టినరోజుకి అలా అయితే "కేక్‌కి చెమటలు పడుతున్నాయేంటే" అంది మా పిన్ని, గుడ్డతో తుడవబోయింది, గట్టిగా అరిచి ఆపాను. తుడిస్తే మచ్చలు పడతాయి. ఫ్యాను కింద వదిలేస్తే అరగంటలో ఆరిపోద్ది. మూత కొద్దిగా తెరిచి పావుగంట ఉంచి అప్పుడు బయటికి తీస్తే కాస్త తక్కువ పడతాయి.

12. కలపండి, కొయ్యండి. పద్నాలుగు బై ఇరవై నాలుగంగుళాల ప్లైవుడ్ చెక్కకి ఫాయిల్ చుట్టి బల్ల మీద పెట్టి, రెండు కేకుల్నీ పూత లేని వైపులు ఆనేలా జరపండి. దాచిన గనాష్‌ని కాస్త వెచ్చబెట్టి అతుకు మీద రాయండి. అతుకు కనబడుతుంటే దాని మీద జీడిపప్పు వరసగా పేర్చండి, లేదా తురిమిన చాక్లెట్ చల్లండి.

కొయ్యడానికి పక్కన పొడుగు గ్లాసులో వేడి నీళ్ళు, పొడి గుడ్డ. ప్రతి కోతకీ ముంచి, తుడిచి, కొయ్యండి. ముందు ఒక్కో కేక్‌ని రెండంగుళాల పట్టీలు అయిదు, తర్వాత ఒక్కో పట్టీని అంగుళం ముక్కలు పది. చాకుని రంపంలా లాగకుండా తిన్నగా కిందకి దించితే పొరలు శుభ్రంగా కనిపిస్తాయి. ఎండాకాలం బయటికి తీసిన రెండు గంటల్లోపు పంచెయ్యండి, మిగిలినవి ఫ్రిజ్‌లో మూడు రోజులు బాగుంటాయి.

ఇలా వచ్చిందంటే కారణం ఇది

మధ్యలో కుంగితే, తలుపు తొందరగా తీశారు, లేదా సోడా ఎక్కువైంది. నోట్లో సబ్బులా అనిపిస్తే కూడా సోడానే, స్పూన్ గోపురంలా కాకుండా చాకుతో గీసి చదునుగా కొలవాలి. పైన పగిలితే ఓవెన్ వేడి ఎక్కువ, తర్వాతది 160లో పెట్టండి. అంచులు ఎండి మధ్యలో పచ్చిగా ఉంటే కూడా అంతే, వేడి తగ్గించి అయిదారు నిమిషాలు ఎక్కువ ఉంచండి. స్లాబ్ ఒక పక్కకి ఎత్తుగా వస్తే ఓవెన్ బల్ల వంకరగా ఉంది, కింద అట్ట ముక్క పెట్టి సరి చెయ్యండి. ఎత్తేటప్పుడు స్లాబ్ చేతిలో విరిగిపోయిందనుకోండి, ఏడవద్దు, కింద పొరగా పెట్టి గనాష్‌తో అతికించండి, కోశాక ఎవరికీ తెలీదు.

గుబ్బలు తీసిన తరుగు, కుంగిన స్లాబ్ ఉంటే అదీ, మిగిలిన గనాష్‌తో కలిపి నిమ్మకాయంత ఉండలు చేసి ఎండుకొబ్బరి కోరులో దొర్లించండి. ఇవి ఫంక్షన్ ముందు రోజు రాత్రి వంటింట్లో తిరిగే పిల్లలకి పెట్టెయ్యండి, కేక్ జోలికి రారు.